కల్పిత డిస్కుల లెక్క

డేటా సెంటరులో ఒక భౌతికయంత్రమునందే అనేక కల్పితయంత్రములు వసించును. వాని డిస్కులు పెక్కుచోట్ల నిజమునకు ఫైళ్లు మాత్రమే. అడిగినవారికి స్థలము కేటాయించుట, చాలనిచో పెంచుట నేడు ప్రోగ్రామే చేయుచున్నది. 100 గిగాబైట్లు వ్రాసియిచ్చినను, పెక్కుచోట్ల వాడినకొలదియే నిజస్థలము ఖర్చగును. పది పుట్ల గాదెపై ఇరువది పుట్లకు చీట్లు వ్రాసినట్లన్నమాట! అందరును ఒక్కసారి వచ్చినచో గాదె వట్టిపోవును. కావున మిగులును అనుదినము కొలిచి, ముందుగా హెచ్చరించు పనియు ప్రోగ్రామునకే అప్పగింపవలెను.

ఒక క్షణపు స్థితిని నిలుపు స్నాప్‌షాట్ సాధారణముగా మూలపు డిస్కు ఉన్నచోటనే యుండును. అది భద్రమైన నకలు కాదు. హైదరాబాదు పాతనగరవాసుల కీ సంగతి క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి తీరపు టిండ్లను ముంచెను. ఇల్లే పోయిన పిదప ఆ యింటి పెట్టెలోని నకలు మిగులునా? ఏటికి దూరమున వేరొక నకలుండవలెను. డిస్కును తుడిచివేయుటకు మాత్రము బాధ్యుడైన మనుష్యుని సంతకము తప్పనిసరి.