దినమునకు మొదలెక్కడ?

(భిలాయి తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



భిలాయి వాసులకు కాలమును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి ఈ ఊరి కొలిమికి రాత్రి యన్నది లేదు. ఎనిమిది గంటల కొకమారు మనుష్యులు మారుదురు గాని పని ఆగదు. అయినను ఆ కాలమునే కంప్యూటరుచే లెక్కింపజేయునపుడు చేయి తిరిగినవారు సైతము ఒక చిన్న ప్రశ్నయొద్ద తడబడుదురు. దినము ఎప్పుడు మొదలగును?

ఇచటి సెక్టారులలో ఒక తెలుగింట 1966 జూలై 1వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు మగబిడ్డ జన్మించినాడనుకొనుడు. తండ్రి రాత్రి షిఫ్టులో ఉన్నాడు. నాయనమ్మ "గురువారము రాత్రి పుట్టినాడు" అనును. సూర్యోదయము కానిదే ఆమెకు వారము మారదు. ఆసుపత్రి గడియారమునకు అర్ధరాత్రితోనే శుక్రవారము వచ్చినది. తండ్రి హాజరు మాత్రము షిఫ్టు మొదలైన జూన్ 30వ తేదీ క్రిందనే పడినది. ముగ్గురును నిజమే పలికిరి. క్షణ మొక్కటే, దానికి పేర్లు మూడు.

సూర్యోదయమైనను అన్ని ఊళ్లకు ఒక్కటి కాదు. 1906నుండి భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకు చేరువగా పోవుచున్నది. భిలాయి దానికి పడమటగా ఒక డిగ్రీకి పైగా ఉన్నది. అందుచే గడియారము పండ్రెండు కొట్టిన తరువాత సుమారు నాలుగున్నర నిమిషములకు గాని, సగటు లెక్కన, ఇచట సూర్యుడు నడినెత్తికి రాడు. ఇచట అర్ధరాత్రి కాగానే తేదీ మారును. ఈ కర్మాగార నిర్మాణమునకు తోడ్పడిన ఇంజనీర్ల మాస్కోలో, నేటి లెక్కన, అప్పటికి ముందునాటి రాత్రి తొమ్మిదిన్నర మాత్రమే.

ఇక యంత్రము సంగతి. చిన్న చిన్న ఆజ్ఞలను వరుసగా వ్రాసి కంప్యూటరుచే పని చేయించు భాషను స్క్రిప్టు భాష యందురు. 1996లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన విబిస్క్రిప్టు అట్టిది. దానికి తేదీ యనగా ఒక సంఖ్య. 1899 డిసెంబరు 30 సున్న. అచటినుండి దినమున కొకటి పెరుగగా, పై బిడ్డ పుట్టిన తేదీ 24289. గంటలు భిన్నములు. ఉదయము ఆరు పావు, మధ్యాహ్నము పండ్రెండు అర, ఆ బిడ్డ పుట్టిన రెండు గంటలు పండ్రెండవ వంతు. ఆ సంఖ్యలో ఏ ఊరి కాలమో ఉండదు, ఎవరి ఆచారమో ఉండదు. వానిని చెప్పవలసినవాడు మనుష్యుడే.

చెప్పనిచో ఏమగునో చూడుడు. రాత్రి పదికి పనిలో చేరి ఉదయము ఆరుకు వెడలినవానికి గంటలు మాత్రమే ఇచ్చి తీసివేయుమన్నచో యంత్రము "ఋణము పదునారు" అనును. తేదీతో కలిపి ఇచ్చినచో ఎనిమిది అని సరిగా చెప్పును.

03/04 అని వ్రాసిన తేదీ కంప్యూటరు అమరికను బట్టి ఏప్రిలు 3 కావచ్చును, మార్చి 4 కావచ్చును. అమెరికా అమరికలో 13/04 అని ఇచ్చినచో పదమూడవ నెల లేదు గనుక అది మారుమాటాడక ఏప్రిలు 13గా గ్రహించును. ఇందువలన ఒకే పట్టికలో పండ్రెండు లోపు తేదీలు తారుమారగును, పైవి సరిగా నిలుచును. పైపైన చూచువానికి తప్పు దొరకదు. సంవత్సరము, నెల, తేదీ వేరువేరుగా డేట్‌సీరియల్ అను ఆజ్ఞకు అందించుటయే దీనికి మందు.

డేట్‌డిఫ్ అను ఆజ్ఞను సంవత్సరములడిగినచో నిండిన ఏండ్లను చెప్పదు, జనవరి ఒకటవ తేదీని ఎన్నిమారులు దాటినదో చెప్పును. 1965 డిసెంబరు 31న పుట్టి మరునాటికి ఒక్కరోజు వయసున్న పసికందుకు అది ఒక ఏడు వేయును!

నవ్వులాటగా తోచు ఈ పొరపాటు సర్వీసు పుస్తకమునకెక్కినచో నవ్వు మిగులదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు 1998నుండి సాధారణ విరమణ వయసు 60 ఏండ్లు. ఫండమెంటల్ రూల్సులోని 56వ నియమము ననుసరించి అరువది నిండిన నెల కడపటి దినము అపరాహ్ణమున విరమణ. ఒకటవ తేదీన పుట్టినవారికి మాత్రము ముందు నెల కడపటి దినమే. పుట్టిన దినమును కూడ లెక్కించుటచే ముందునాటితోనే ఏడు నిండును. ఆ బిడ్డడు కేంద్రప్రభుత్వోద్యోగి యైనచో విరమణ 2026 జూన్ 30. పాఠశాలలో జూలై 2 అని వ్రాయించి యుండినచో జూలై 31. ఒక దినము తేడాకు ఒక నెల జీతము!

స్క్రిప్టులో దీనికి చక్కని ఉపాయమున్నది. పుట్టిన తేదీలో ముందుగా ఒక దినము తీసివేయవలెను. వచ్చిన సంవత్సరమునకు 60, నెలకు 1 కలిపి, తేదీ స్థానమున సున్న ఉంచవలెను. ఒకటవ తేదీకి ముందు దినమే యంత్రమునకు సున్న గనుక, సరియైన నెల కడపటి దినము దానంతటదే వచ్చును. సామాన్యులకును, ఒకటవ తేదీవారికిని సూత్రమొక్కటే.

జూన్ 30న విరమించువారికి మరియొక చిక్కు. ఏడాది పొడుగున పని చేసియు, ఇంక్రిమెంటు జూలై 1న రావలసినదగుటచే, ఒక్క దినముతో అది తప్పిపోవుచుండెను. సేవచే ఆర్జించిన ఇంక్రిమెంటును మరునాడు పదవిలో లేడను కారణముననే నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలు 11న తీర్పు చెప్పినది. ఒక్క దినము కొరకు మనుష్యులు అంతదూరము పోవలసివచ్చినది.

విబిస్క్రిప్టును క్రమముగా తొలగింపనున్నట్లు 2023లోనే మైక్రోసాఫ్టు ప్రకటించినది. దాని స్థానమున వేరు భాషలు వచ్చును, సున్న తేదీ మారవచ్చును. ప్రశ్న మాత్రము మారదు. ఏ ఊరి కాలము? ఎవరి దినము? మొదటి దినమును లెక్కించుటయా, మానుటయా? ఈ మూడింటికి సమాధానము వ్రాసిన పిదపనే ఆజ్ఞ వ్రాయదగును. ఇండ్లలో పిల్లల పుట్టిన తేదీ వ్రాసియుంచువారును తిథితోపాటు గంటను, ఊరిని చేర్చుట మంచిది. నాయనమ్మ మాటయు నిలుచును, సర్వీసు పుస్తకమునకు లోటు రాదు.