వేట నిషేధకాలంలో పడవలను, వలలను భద్రపరచుట

(ప్రసంగ పాఠం)



చలిదేశాలలో శీతకాలం వచ్చేసరికి పడవలను ఒడ్డుకు లాగి, వసంతం వరకు కట్టిపెడతారు. మనకు చలికాలమే మంచి వేటకాలం. మన పడవలు ఒడ్డున ఉండేది మండువేసవిలో. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యంత్రపు పడవలు, ఇంజను అమర్చిన తెప్పలు సముద్రంలో వేటకు పోరాదని నిషేధం ఉన్నది. చేపలు, రొయ్యలు గ్రుడ్లుపెట్టి వృద్ధి అయ్యే కాలమని ఈ కట్టుబాటు. పూర్వం 47 రోజులుండేది. 2015లో 61 రోజులు చేశారు.

ఈ రెండు నెలలూ పడవకు కూడా విశ్రాంతే గదా అని చాలామంది భావిస్తారు. రేవుకు చేర్చి, లంగరు వేసి, వలను పడవలోనే కుప్పగా పోసి ఇంటికి పోతారు. జూన్ నెల మొదటివారంలో వచ్చి చూసేసరికి చెక్క నెరియలు విచ్చి ఉంటుంది, ఇంజను బిగుసుకొని ఉంటుంది, వలలో ఎలుక పిల్లలు పెట్టి ఉంటుంది. అప్పుడు వడ్రంగి దొరకడు, మెకానిక్కు దొరకడు. రేవులో పడవలన్నిటికీ అదే వారంలో పని. చేతిలో డబ్బు ఉండదు. చేప కొనే సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకొంటారు. ఆ తరువాత ఏడాది పొడుగునా చేప అతనికే, అతను చెప్పిన ధరకే ఇవ్వవలసి వస్తుంది. పడవ మరమ్మతు ఆలస్యం చేసినందుకు చేప ధరలో చెల్లించే వడ్డీ ఇది. ఏ కాగితం మీదా కనిపించదు కనుక దాన్ని ఎవరూ లెక్కవేయరు.

కాబట్టి నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒకటే. జూన్ మొదటివారంలో చేసే పనిని ఏప్రిల్ మూడవ వారంలో చేయండి. పడవ ఇంకా తడిగా ఉండగా, ఉప్పు ఇంకా గట్టిపడకముందు చేసిన పనికి శ్రమ తక్కువ, ఖర్చు తక్కువ. నిషేధకాలపు భృతి, 2025లో కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చారు, ఏ తేదీన చేతికి వచ్చినా దాని కోసం ఆగనక్కరలేని పనులే వీటిలో ఎక్కువ. కడగడం, ఆరబెట్టడం, నూనె పూయడం, నీడ వేయడం. వీటికి కావలసినది మంచినీళ్ళు, తాటాకు, ఇంటిల్లిపాది చేతులు.

ముందుగా పడవను ఎక్కడ పెట్టవలెనో చూద్దాం. వేసవి గదా, తుపాను రాదులే అనుకోవడం మన తీరంలో ప్రమాదం. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన రెండూ నవంబరులో వచ్చినవి కావడంతో మనకు నవంబరంటేనే భయం. కాని 1990 మే 9న పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర దాటింది. 2022 మే 11న అసని బలహీనపడినా బందరు, నరసాపురం మధ్యనే ఒడ్డెక్కింది. ఈ మూడు తేదీలూ ఇప్పటి నిషేధకాలంలోనివే. పడవ యజమాని ఊళ్ళో లేకుండా, పెళ్ళిళ్ళకో కూలిపనులకో పోయివుండే రోజులు కూడా అవే.

కనుక ఇసుకదిబ్బ అంచున, కెరటం తాకే చోట పడవను వదిలిపెట్టరాదు. ఏప్రిల్ 15కు దగ్గరగా వచ్చే అమావాస్యను గాని పౌర్ణమిని గాని చూసుకొని, ఆ పోటు మీద ఎంత పైకి వీలయితే అంత పైకి తెప్పను లాగుకోవలెను. గిలకలదిండి రేవులో ఉండే పెద్ద బోట్లు నీటిలోనే ఉండక తప్పదు. వాటిని ఒకదానికొకటి తగలకుండా పాత టైర్లు కట్టి, ముందు వెనుకల రెండేసి మోకులు వేయవలెను. మోకు ఒరిసే చోట గోనెపట్టా చుట్టవలెను. నాగాయలంక, సొర్లగొంది, ఎదురుమొండి వైపున ఉన్నవారికి మడ అడవి చాటున పాయలలో మంచి తావులున్నవి. పడవను మడచెట్టుకు కట్టకుండా, గుంజ పాతి దానికి కట్టండి. గాలిని, కెరటాన్ని ఆపేది ఆ చెట్టే.

తుపాను హెచ్చరిక వచ్చిననాడు ఫైబరు తెప్ప నుండి ఇంజను, వల దించి కరకట్ట లోపలకు చేర్చి, తెప్పలో ఇసుక బస్తాలు గాని నీరు గాని నింపి ఉంచితే గాలికి ఎగిరిపోదు. ఖాళీ తెప్ప తాటాకు వంటిది.

ఇక చెక్క పడవ సంగతి. ఉప్పునీరు చెక్కకు శత్రువని సామాన్యంగా అనుకొంటారు. నిజానికి ఉప్పు చెక్కను కుళ్ళనివ్వదు. కుళ్ళించేది వాననీరు. మే నెలలో ఒక్క గాలివాన కురిసి, ఆ నీరు పడవ అడుగున, వాసాల మూలల్లో నిలిచిపోతే అక్కడే బూజు పుట్టి చెక్క మెత్తబడుతుంది. అందుచేత అడుగు బిరడా తీసి పడవను కొంచెం వెనుకకు వాలుగా నిలపండి. నీరు తానే పోతుంది. పైన తాటాకు పందిరి వేయండి, కాని ప్రక్కలు మూయవద్దు, గాలి ఆడవలెను. టార్పాలిను బిగించి కట్టినవారి పడవలు లోపల ఉడికిపోతాయి.

రెండవ చిక్కు ఎండ. బందరు ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పలకలు ఎండి కుంచించుకొని సందులు విచ్చుకొంటాయి. వారానికి రెండు మూడు సార్లు సాయంకాలం పూట సముద్రపు నీటినే పడవ ప్రక్కల మీద చల్లవలెను. సందుల మీద తడిపిన గోనెపట్టాలు వేసినా మంచిదే. ఇట్లా చేసిన పడవకు జూన్‌లో సందులు కూరే పని సగం తగ్గుతుంది.

అడుగున అంటిన గుల్లలు, నాచు పడవను లాగిన రోజునే గీకివేయవలెను. తడి మీద అవి చెక్క పారతో ఊడి వస్తాయి. ఎండిన తరువాత ఉలి పెట్టి కొట్టవలసి వస్తుంది, దానితో చెక్కా లేస్తుంది. గీకిన తరువాత పలకలను సుత్తితో తట్టుతూ పోండి. గట్టి చెక్క ఖంగుమంటుంది. డొల్ల పలికినచోట ఓడపురుగు ఉన్నట్లు. ఇది పేరుకు పురుగే గాని ఆల్చిప్పల జాతి ప్రాణి. పైన రంధ్రం గుండుసూది మోపినంతే ఉంటుంది, లోపల మాత్రం వేలు పట్టేటంత సొరంగం తొలుస్తుంది. ఒడ్డున పొడిగా కొన్ని వారాలుంటే చస్తుంది, మంచినీటిలోనూ బ్రతకదు. కాని అది తొలిచిన పలక తిరిగి గట్టిపడదు గనుక మార్చవలసినదే. సందులలో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసే పాత పద్ధతి ఈనాటికీ మంచిదే. చెక్క పూర్తిగా ఆరిన తరువాతనే పూయవలెను. తడి చెక్క మీద పూసిన ఏ పూతైనా తేమను లోపల బంధిస్తుంది.

ఫైబరు తెప్పకు పురుగు పట్టదు, కుళ్ళు రాదు. అందుకే దానిని అశ్రద్ధ చేస్తారు. పైపూత పగిలిన చోట నీరు లోపలి పొరలలోకి ఎక్కుతుంది. పొరల మధ్య చెక్క పెట్టిన తెప్పలైతే ఆ చెక్క లోపలే చివికిపోతుంది, పైకి కనిపించదు. ఏప్రిల్‌లోనే పగుళ్ళను సుద్దతో గుర్తుపెట్టి, మంచినీటితో కడిగి, రెండు వారాలు నీడన ఆరనిచ్చి, తరువాత అరగదీసి మ్యాటు, రెజిను వేయండి. వాన తగిలే జూన్‌లో ఈ పని కుదరదు. ఇక్కడ ఒక హెచ్చరిక. రెజినులో కలిపే కోబాల్టు ద్రావకాన్ని, గట్టిపరచే ద్రావకాన్ని ఒకదానితో ఒకటి నేరుగా ఎన్నడూ కలపవద్దు, మండి పేలుతుంది. మొదట కోబాల్టును రెజినులో బాగా కలిపి, పనికి కూర్చొనే ముందు రెండవదాన్ని చేర్చవలెను. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

తెప్పను ఒక్క రాయి మీదో మొద్దు మీదో మోపి ఉంచితే రెండు నెలల్లో అడుగు వంగిపోతుంది. తాటి మొద్దులు మూడు నాలుగు చోట్ల సమంగా వేసి, మీద పాత గోనెలు పరచి నిలపండి.

ఇంజను విషయంలో ఒక దురలవాటు ఉన్నది. నూనె మార్చడం జూన్‌కు వాయిదా వేస్తారు, “ఎట్లాగూ ఆగి ఉన్నదే గదా” అని. వాడిన నూనెలో మసి, తేమ, ఆమ్లం ఉంటాయి. అది రెండు నెలలు లోపల నిలిస్తే బేరింగులను తినివేస్తుంది. ఆఖరి వేటనుండి వచ్చిన రోజున, ఇంజను వెచ్చగా ఉండగానే పాత నూనె దించి, కొత్తది పోసి, ఐదు నిమిషాలు నడిపి ఆపండి. నీటితో చల్లబడే ఇంజనైతే మంచినీటి తొట్టిలో గొట్టం పెట్టి పది నిమిషాలు నడిపితే లోపలి ఉప్పు పోతుంది. తరువాత నీరంతా దించివేయవలెను. పొడవు తోక ఇంజను గాలితో చల్లబడేదే గనుక దానికీ బాధ లేదు. రెక్కల మధ్య చేరిన ఉప్పును బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన మీదట పలుచగా నూనె రాయండి.

నాజిలు తీసి సిలిండరులో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి చేతితో నాలుగు చుట్లు తిప్పవలెను. పొగగొట్టం నోట నూనెగుడ్డ కుక్కవలెను. కందిరీగలు అక్కడ మట్టిగూడు కట్టడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆదివారం ఆదివారం ఒకసారి చేతితో తిప్పుతూ ఉంటే బిగుసుకొనే ప్రశ్నే రాదు. చిన్న డీజిలు ట్యాంకును ఖాళీచేసి తుడిచి ఉంచండి. పెద్ద బోట్ల ట్యాంకులను నిండుగా ఉంచండి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలువకు తేమ పట్టి నీరు అడుగుకు చేరుతుంది. బాటరీని విప్పి ఇంటికి తెచ్చి నెలకొకసారి చార్జి చేయించండి. వల ఉన్న గదిలో మాత్రం పెట్టవద్దు. బాటరీ ఆమ్లం చుక్క తగిలినా నైలాను కరిగిపోతుంది. ఫ్యాను దగ్గర బిగించిన జింకు దిమ్మకు రంగు వేయకండి. అది అరిగిపోవడానికే పెట్టినది, సగానికి మించి అరిగితే కొత్తది వేయండి.

వలల దగ్గర కొంచెం నిలుద్దాం. పడవ తరువాత మీ సొమ్మంతా ఉన్నది అక్కడే.

మన తాతల కాలంలో వల నూలుతోనో జనుముతోనో అల్లేవారు. తడి ఉంటే కుళ్ళేది. అందుకని చెట్టు బెరడు కషాయంలో ముంచి, రోజూ ఎండలో పరచి ఆరబెట్టేవారు. అప్పటికది సరైన పనే. నైలాను వల కుళ్ళదు. దానిని చంపేది ఎండ. తాతగారి అలవాటు మాత్రం మనకు మిగిలిపోయింది. ఈనాటికీ తీరం వెంట పోతే నైలాను వలలు నెలల తరబడి ఇసుక మీద ఎండుతూ కనిపిస్తాయి. దారం సన్ననైన కొద్దీ ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. చూడడానికి వల వలలాగానే ఉంటుంది, పెద్ద చేప పడినప్పుడు తెగిపోతుంది. అనుమానమైతే పైన ఎండ తగిలిన కన్ను ఒకటి, కుప్ప లోపలి కన్ను ఒకటి తీసుకొని రెండు చేతులతో లాగి చూడండి.

వలను మంచినీటిలో రెండుసార్లు ఝాడించి ఉప్పు, బంక, పొలుసు పోగొట్టవలెను. ఉప్పు రవ్వలు దారాన్ని ఒరుస్తాయి, తేమను పట్టి ఉంచుతాయి, చేపవాసన ఎలుకను పిలుస్తుంది. నీడలో ఆరవేసి, చిరుగులు చూసి, అప్పుడే అల్లి, బెండ్లు ఒకవైపు, సీసపు గుండ్లు ఒకవైపు వచ్చేటట్లు మడవండి. ఇంటి అటకకు వెదురుబొంగు కట్టి దాని మీద వేలాడదీయడం అన్నిటికన్నా మంచిది. వడ్లబస్తాల ప్రక్కన, గడ్డివాము దగ్గర పెట్టకండి. డెల్టా ఎలుక వరిచేను కోసిన తరువాత ఎక్కడికి వస్తుందో మీకు తెలుసు. పనికిరాని వలముక్కలను పాయలో పారవేయవద్దు. మన తీరానికి గ్రుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు వాటిలో చిక్కి చస్తాయి. పాత నైలాను కొనేవారున్నారు.

ఇనుపతాళ్ళకు డీజిలుతో తుడిచి గ్రీజు పూస్తే చాలు. ఐసు పెట్టెను కడిగి మూత తెరిచి ఉంచండి. లైఫు జాకెట్లను కూడా మంచినీటిలో కడిగి నీడన ఆరవేసి, పట్టీలు లాగి చూడండి. వీటిని ఎవరూ పట్టించుకోరు, అవసరం పడిననాడు పట్టీ చేతికి ఊడి వస్తుంది.

గుడివాడ వైపు నుండి వచ్చిన చెరువు రైతులకు ఈ మాటలలో ఒక చిన్న మార్పు. మీ లాగుడు వల ఒక చెరువు నుండి మరొక చెరువుకు తిరుగుతుంది. దానితోబాటు చేపపేను, రొయ్యల తెల్లమచ్చ తెగులు కూడా తిరుగుతాయి. కాబట్టి చెరువు మారే ముందు వలను కడిగి ఒకరోజు పూర్తిగా ఎండలో ఆరవేయడం అవసరమే. ఆ ఒక్కరోజు ఎండకు వల చెడదు. ఆ తరువాత రెండు నెలలు గట్టు మీద పడి ఉంటేనే చెడేది. మేత వేసే చిన్న పడవలను కూడా చెరువు ఎండబెట్టిన కాలంలో బోర్లించి, చెట్టునీడన దుంగల మీద ఉంచండి.

జూన్ రెండవ వారంలో చేయవలసినది ఇక కొద్దిగానే మిగులుతుంది. చెక్క పడవను దించే ముందు రెండు రోజులు లోపల సముద్రపు నీరు పోసి ఉంచితే పలకలు ఉబ్బి సందులు మూసుకొంటాయి. ఇంకా కారే చోటు అప్పుడే తెలుస్తుంది. గుర్తు పెట్టుకొని కూరండి. మూసిన బిరడా తిరిగి పెట్టినది లేనిది ఇద్దరు చూడవలెను. ఇంజను పొగగొట్టంలోని గుడ్డ తీసివేసి, అరగంట రేవులోనే నడిపి, ఫ్యాను ఇరుసు దగ్గర నీరు ఎంత వస్తున్నదో చూడండి. పెద్ద బోట్లకు అక్కడ ఒక్కొక్క చుక్క రాలడం మంచిదే, ధార కట్టరాదు. ఇదంతా 14వ తేదీకి రెండు రోజులు ముందుగా ముగియవలెను. ఏదైనా లోపం బయటపడితే సరిచేయడానికి ఆ రెండు రోజులు కావలసి ఉంటాయి.

ఇప్పుడు మీ సందేహాలు అడగండి. ఇంజనుల విషయం ముందు తీసుకొందాం.