టోట్సుకో వారి టేపు యంత్రము
(తళవాయిపురమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును వినుచు పెరుగుచున్నారు. చదువు అక్షరముతో ఆరంభమగునని మనము తలచుచుందుము గాని, ఇంటి భాష మొదట చెవికే అందును. చెవికి పాఠము చెప్పు యంత్రమును బడులకు చేర్చబూనిన ఒక జపాను సంస్థ కథను నేడు మీకు విన్నవించుచున్నాము. ఆ సంస్థ పేరు టోట్సుకో. ఈ పేరు విన్నవారు అరుదు.

యుద్ధములో కాలి శిథిలమైన టోక్యో నగరమున 1946 మే 7వ తేదీన ఇబుకా మసారు, మోరిటా అకియో అనువారు దీనిని స్థాపించిరి. పూర్తి పేరు టోక్యో త్సూషిన్ కోగ్యో. మూలధనము 1,90,000 యెన్లు; పనివారు ఇరువదిమంది. అంతకు ముందే ఇబుకా బృందము కొయ్య తొట్టిలో అల్యూమినియము పలకలమర్చి, విద్యుత్తుతో అన్నము వండు పాత్రను చేసి చూచెను. అన్నము ఒకమారు పలుకు, మరియొకమారు ముద్ద. మన ఇల్లాండ్రు దానిని ఒక్క పూటయైనను సహించియుండరు!

అమెరికను అధికారుల వద్ద టేపు యంత్రమును చూచినది మొదలు ఇబుకాకు అదియే ధ్యాస. అయితే యంత్రము కంటె టేపు చేయుటయే కష్టమయ్యెను. నాడు జపానులో తగిన ప్లాస్టిక్కు దొరకదు. సెల్లోఫేనును ప్రయత్నింపగా కొలది మారులు తిరుగగనే సాగిపోయెను. తుదకు గట్టి కాగితమునే సన్నని పట్టీలుగా కోసిరి. ఒక ఇనుప లవణమును మూకుడులో వేయించి, రంగు మారగనే దింపి, ఆ పొడిని వార్నిషుతో కలిపి కాగితముపై పూసిరి. తుంపరగా చల్లిన కుదరలేదు. మెత్తని రోమముల కుంచెతో చేత పూసినపుడే పని జరిగెను. కిహారా నొబుతోషి అను యువ ఇంజనీరు ఈ వేపుడులో చేయి తిరిగినవాడు. ఎప్పుడు దింపవలెనో పుస్తకము చెప్పదు; చూచి తెలిసికొనవలసినదే.

ధ్వని స్పష్టముగా నిలుచుటకు మరియొక కీలకము కలదు. మాటల విద్యుత్ప్రవాహముతో పాటు చెవికి వినరాని అతి వేగపు ప్రవాహమును కలిపినచో బొంగురు తగ్గును. నగాయి కెన్‌జో ఆచార్యుల బృందము 1938లో కనుగొన్న ఈ పద్ధతిపై పేటెంటు హక్కును టోట్సుకో 1949లో మరియొక సంస్థతో కలిసి కొనెను.

1950లో జి-రకము యంత్రము వెలువడెను. బరువు సుమారు 45 కిలోలు, ధర 1,60,000 యెన్లు. పట్టభద్రుని నెల జీతము పదివేల యెన్లకు లోపుగా నుండిన కాలమది. చూచి మెచ్చుకొనువారే గాని కొనువారు లేరైరి. ఒక ఫలహారశాలవాడు ఒకటి కొనెను. పిమ్మట, శీఘ్రలిపి లేఖకులు కొరవడిన న్యాయస్థానములు సుమారు 20 కొనెను.

అప్పుడు వారి దృష్టి బడులపైకి మరలెను. 1951లో వచ్చిన హెచ్-రకము సుమారు 13 కిలోలు. ధర సగమునకు సమీపము. ఉపాధ్యాయుడు దీనిని ఒక గదినుండి మరియొక గదికి మోసికొనిపోగలడు. రేడియో పాఠమును పట్టియుంచి తరగతి వేళకు వినిపింపగలడు. పిల్లవాడు తన ఉచ్చారణను తానే వినగలడు. ఈ కథలో మాకు అన్నిటికంటె విలువైనది ఈ చివరి సంగతియే.

వారు టేపునకు పెట్టిన పేరు సోనీ టేపు. 1958లో సంస్థయే సోనీ యను పేరు ధరింపగా, టోట్సుకో మరుగున పడెను. కాగితపు టేపు పోయి ప్లాస్టిక్కు టేపు, ఆపై క్యాసెట్టు వచ్చెను. 45 కిలోల యంత్రము చేసిన పనిని నేడు మీ జేబులోని ఫోను చేయుచున్నది.

అయినను మన ఇండ్లలో అవ్వలు, తాతలు పలుకు తెలుగు ఎంత పట్టువడినది? వంటింటి మాటలు, పొలము మాటలు, పిల్లలను బుజ్జగించు మాటలు మన పాఠ్యపుస్తకములలో లేవు. పలుకువారు వెడలిన పిదప వానిని ఏ యంత్రమును తేలేదు.

కావున ఈ సెలవులలో ప్రతి బిడ్డయు తన ఇంటి పెద్దలచేత పది నిమిషములు మాటలాడించి ఫోనులో పట్టవలెనని కోరుచున్నాము. పుస్తకపు తెలుగులోనికి దిద్దవలదు. తమిళపు మాట దొర్లినను ఉండనిండు. పాత రీళ్లు, క్యాసెట్లు ఇంట నున్నచో తేమ తగులనీయక, త్వరలో ఫోనులోనికి మార్పించుకొనుడు. ఇనుప పొడి పూత రాలినచో మాటయు దానితోనే పోవును. పలికినవారి పేరు, ఊరు, సంవత్సరము మొదటనే చెప్పించుడు.