బొమ్మకూ బొమ్మకూ నడుమ



జగదల్‌పూర్ నుండి పడమరగా సాగే రహదారి గీదం వద్ద రెండుగా చీలుతుంది. ఒక పాయ దంతెవాడ మీదుగా బైలడిలా ఇనుప గనులకు పోతుంది. రెండవది బీజాపూర్, భోపాలపట్నం దాటి, మహారాష్ట్ర అంచును తాకి, తెలంగాణలోని నిజామాబాదు వరకు చేరుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే ఉన్నది. కనుక హిందీ, హల్బీ, గోండీ, తెలుగు భాషలు ఇక్కడ ఇరుగుపొరుగులు. సమీపంలోని బార్సూరులో 11వ శతాబ్దంలో, నాగవంశ రాజుల కాలంలో, తెలుగు శాసనం వెలసింది. ఈ భాషల పొరుగు అంత పాతది.

జగదల్‌పూర్–గీదం ప్రాంతంలో దారి పక్కన మరొక విధమైన శాసనాలు కనిపిస్తాయి. అవి మారియా గోండులు తమవారిలో గతించినవారికి నిలిపే స్మారక స్తంభాలు. వాటిమీద అక్షరాల కన్న బొమ్మలే ప్రధానం. విల్లు పట్టిన వేటగాడు, కొమ్ముల తలపాగాతో ఆడే నర్తకుడు, పశువులు, పక్షులు, ఇటీవలి వాటిలో సైకిలు, మోటారు బండి కూడా వరుసలుగా దర్శనమిస్తాయి. చనిపోయిన మనిషి ఏమి చేశాడో, దేనిని ప్రేమించాడో ఆ బొమ్మలు చెబుతాయి. ఒక వరుస నుండి మరొక వరుసకు కథను కలుపుకోవడం మాత్రం చూసేవాని పని.

నేడు చేతి ఫోను తెరమీద విడతలు విడతలుగా వెలువడే బొమ్మల కథలను కోట్లాది జనం చదువుతున్నారు. వీటిని వెబ్‌కామిక్స్ అంటారు. దక్షిణ కొరియాలో 2003, 2004 సంవత్సరాల నుండి పెద్ద అంతర్జాల సంస్థలే వీటిని ప్రచురించసాగాయి. కాగితానికి పుట ఉన్నది, తెరకు లేదు. అందుచేత అక్కడి చిత్రకారులు కథను పైనుండి కిందికి, బావిలోకి చేద దించినట్లు, సాగదీశారు. అమెరికాలో ఒకప్పుడు నాసాలో పనిచేసిన రాండల్ మన్రో 2005లో ‘ఎక్స్‌కేసీడీ’ని ప్రారంభించాడు. అందులోని మనుషులు ఉత్త గీతలు. ముఖంలో కన్ను, ముక్కు కూడా ఉండవు. మన దేశంలో నాగపూరుకు చెందిన రోహన్ చక్రవర్తి దంతవైద్యం చదివి, 2010లో ‘గ్రీన్ హ్యూమర్’ మొదలుపెట్టి, అడవి జంతువుల చేత మనుషులను గూర్చి మాట్లాడించాడు.

ఈ రుచి భారతీయ పాఠకునికి కొత్తది కాదు. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ‘చందమామ’ పుట్టింది. తరువాత హిందీతో సహా అనేక భాషలలోకి వెళ్ళింది. 1967లో అనంత్ పాయ్ ‘అమర చిత్ర కథ’ను ఆరంభించాడు. 1971లో చిత్రకారుడు ప్రాణ్ హిందీ బాలపత్రిక ‘లోట్‌పోట్’లో చాచా చౌధరీని ప్రవేశపెట్టాడు. పెద్దల కళ్ళు కప్పి, పాఠ్యపుస్తకం నడుమ దాచుకొని వీటిని చదివిన తరాలు దేశమంతటా ఉన్నాయి.

ఇంత ఇష్టానికి కారణమేమి? మొదటి కారణం బొమ్మలో కాదు, బొమ్మకూ బొమ్మకూ నడుమ ఉన్న ఖాళీలో ఉన్నది. ఒక గడిలో వేటగాడు బాణం ఎక్కుపెట్టాడు. తరువాతి గడిలో కొమ్మ ఊగుతున్నది, పిట్ట లేదు. బాణం తగిలిందా, పిట్ట ఎగిరిపోయిందా? ఆ నిర్ణయం పాఠకునిది. అమెరికన్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ప్రకటించిన గ్రంథంలో ఈ విషయాన్ని సవిస్తరంగా చర్చించాడు. కథ చదివేవాడు ఇక్కడ కథ కట్టడంలో భాగస్వామి.

రెండవ కారణం ఎదురుచూపు. శంకర్ చిత్రించిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో ప్రతి నెలా బయలుదేరేవాడు. ప్రతి నెలా బేతాళుడు చెట్టెక్కేవాడు. ముగింపు తెలిసినా పాఠకుడు విసుగు చెందడు. తెలిసిన మనిషి మళ్ళీ ఇంటికి వచ్చినట్లు సంతోషిస్తాడు. మూడవది సామీప్యం. ముఖం లేని గీతల మనిషిలో ఎవరి ముఖమైనా ఇముడుతుంది.

ఐతే బొమ్మకు భాష అడ్డు కాదన్న మాట సగమే నిజం. హిందీ బొమ్మల కథను తెలుగు చేయబూనిన అనువాదకునికి మాటల బుడగ ఎంత ఇరుకో తెలుస్తుంది. ‘చాచా’ అన్న పిలుపు సొంత పినతండ్రికీ, వీధిలోని పెద్దమనిషికీ చెల్లుతుంది. తెలుగులో ‘బాబాయి’ అనవలెనా, వదలివేయవలెనా? హిందీలో ‘తూ’ అన్న ఒక్క మాట ఒకచోట చనువు, మరొకచోట తిరస్కారం. తెలుగులో ఒకచోట ‘నువ్వు’, మరొకచోట ‘ఒరేయ్’ కావాలి. ‘ధడామ్’ అని కూలిన తలుపు తెలుగులో ‘దభేలు’మనాలి. బొమ్మలోని ముఖం మారదు. మాట ఆ ముఖానికి సరిపోకుంటే పసివాడు సైతం పసిగడతాడు.

మరొక ప్రశ్న ఇంతకన్న బరువైనది. బొమ్మ గీసేది ఎవరు? 1964లో వెలువడనారంభించిన ఇంద్రజాల్ కామిక్స్‌లో ముసుగు ధరించిన తెల్లజాతి వీరుడు అడవి ప్రజలకు రక్షకుడు. అమర చిత్ర కథలలో రాక్షసులకు నలుపు రంగు పులిమారని విమర్శకులు ఆక్షేపించారు. ఆనందంగా చదివిన పుస్తకమే అడవి బిడ్డకు తన రూపాన్ని వంకరగా చూపితే, ఆ ఆనందానికి మూల్యం చెల్లించినది ఆ బిడ్డే.

దీనికి సమాధానం గోండు చిత్రకారులే ఇచ్చారు. మధ్యప్రదేశ్‌కు చెందిన ప్రధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 2011లో వెలువడిన ‘భీమాయన’లో డాక్టర్ అంబేద్కర్ జీవితాన్ని చిత్రించారు. మనుషులను గడులలో బంధించడానికి వారు ఒప్పుకోలేదు. తమ ముంగిటి ముగ్గుల వరుసలతోనే పుటను విభజించారు. మృదువైన మాటలకు పక్షి ఆకారపు బుడగ. విషపు మాటలకు తేలు కొండి తోక. అక్షరం చదవకముందే ఆ మాట మంచిదో చెడ్డదో పాఠకునికి తెలిసిపోతుంది. ఇది ఎక్కడినుండో అరువు తెచ్చిన విద్య కాదు.

గీదం వంటి చోట ఇంట గోండీ పలికే పిల్లవాడు బడిలో హిందీ అక్షరాలతో కుస్తీ పడతాడు. అక్షరం మొరాయించినప్పుడు బొమ్మ చేయి పట్టి నడిపిస్తుంది. పుస్తకం తనది కాదన్న బెరుకు తగ్గుతుంది. 2020నాటి జాతీయ విద్యా విధానం వీలైనచోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని సూచించింది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన ‘స్టోరీవీవర్’ అంతర్జాల వేదికలో తెలుగు, హిందీ, గోండీ భాషలలో బొమ్మల కథలు ఉచితంగా లభిస్తున్నాయి.

బొమ్మలకు అలవాటుపడినవారు పెద్ద గ్రంథాలు చదవరన్న భయం కొందరు ఉపాధ్యాయులకు ఉన్నది. అది కొట్టిపారేయదగినది కాదు. బొమ్మల కథ పక్కనే పెద్ద పుస్తకం కూడా ఉంచడం గ్రంథాలయం బాధ్యత. కాని మొదటి మెట్టును తీసివేసి, పిల్లవాడు మేడ ఎక్కలేదని నిందించడం న్యాయం కాదు. ఒకే కథను రెండు మూడు భాషలలో పక్కపక్కన పేర్చితే తెలుగు బాలుడు హిందీనీ, హిందీ బాలుడు గోండీనీ బొమ్మల ఊతతో పలుకరించగలుగుతాడు. ఖాళీ కాగితం, రంగులు కూడా అదే బల్లమీద ఉంచాలి. దారి పక్కన స్తంభంమీద తన తాత కథను బొమ్మలుగా చూసిన పిల్లవాడికి గీయడానికి విషయం వెదకవలసిన పని లేదు.