మంజీర పొంగక మునుపే పడవ మోటారును పరీక్షింపుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మంజీర, గోదావరుల ఒడ్డున కాపురముండు మీకు వరద యనగా నేమో మేము చెప్పవలసిన పని లేదు. కందకుర్తి వద్ద ఈ రెండు నదులును కలియుచున్నవి. దిగువన పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ నిండియుండి, ఎగువన నిజాంసాగర్ గేట్లు ఎత్తినచో, నీరు పోవు దారి లేక బోధన్ ప్రాంతపు చేలమీదికి వెనుదన్నును. 2025 ఆగస్టు చివరి దినములలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన కుంభవృష్టికి మంజీర ఎట్లు పొంగినదో మీరెరుగుదురు. అట్టి సమయమున ప్రభుత్వపు రక్షణ దళములు తప్పక వచ్చును. అయినను బాట తెగిన గ్రామమునకు వారు చేరులోపల గడచు గంటలలో ఊరి పడవయే దిక్కు.

మీ గ్రామమున అట్టి పడవ యుండి, దాని వెనుక పాత టూ-స్ట్రోకు మోటారు తగిలించియుండినచో, ఈ ప్రసంగము మీ కొరకే. ఈ తరహా మోటార్లను 1909లో అమెరికాలో ఓలె ఎవిన్రూడ్ అనునాయన అమ్మకమునకు పెట్టి ప్రసిద్ధికి తెచ్చెను. గట్టి సరకు. ఏబది, అరువది యేండ్ల నాటివి నేటికిని నడుచుచున్నవి. పూర్తిగా చెడిపోయిన మోటారుతో పెద్ద భయము లేదు. దానిని నమ్మి ఎవరును నదిలోనికి దిగరు. లేచి నడుచుచు, మధ్య మధ్య తడబడుచు, దగ్గుచు, ఒడ్డున "ఫరవాలేదు" అనిపించు మోటారే ప్రమాదకరము. అది నడినీటిలో ఆగినచో, పడవలోని వృద్ధులను, పసిపిల్లలను ప్రవాహము ఎటు కొనిపోవునో చెప్పజాలము.

టూ-స్ట్రోకు యంత్రము మీకు కొత్తది కాదు. పాత చేతక్ స్కూటరు, లూనా బండి ఆ జాతివే. వానికి వేరుగా ఆయిలు తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలి బేరింగులను, పిస్టనును తడుపుచుండును. కావున పెట్రోలు చెడినచో నడక చెడుటతో పోదు, యంత్రము ప్రాణమే పోవును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన వెల్ల సులభముగా బోధపడును.

మొదట మోటారును నీటిలో ఉంచి నడుపుడు. పెద్ద డ్రమ్ము నిండ నీరు పోసి, క్రింది భాగము మునుగునట్లు నిలిపిన చాలును. నీరు లేక కొద్ది క్షణములు నడిపినను, లోపల నీటిని తోడు రబ్బరు చక్రము కాలిపోవును. డ్రమ్ములో తిరుగు రెక్కకు చేతులు, పంచె కొంగులు దూరముగా నుంచవలెను. ట్యాంకు మూతమీద గాలి మర ఉన్నయెడల అది తెరచియున్నదో లేదో చూడుడు. అది మూసియుండుటచేతనే కొన్ని నిమిషములు నడచి ఆగిపోవు మోటార్లు పెక్కు. ఇంత చిన్న విషయమునకు పట్టణమునుండి మేస్త్రీని పిలిపించి కూలి ఇచ్చుట ఎందులకు?

రెండు సిలిండర్ల మోటారు అయినచో, ఏది సరిగా పనిచేయుటలేదో తెలిసికొనవలెను. మోటారును ఆపి, ఒక ప్లగ్గు తీగను తీసి, దాని కొన మోటారు లోహమునకు గట్టిగా తగులునట్లు కట్టి, మరల నడుపుడు. రెండవ సిలిండరు ఒంటరిగా లేచి నడచినచో అది మంచిది. లేవనిచో దోషము అందే కలదు. పిమ్మట రెండు ప్లగ్గులను విప్పి చూడుడు. బిస్కత్తు రంగు శుభలక్షణము. నల్లగా తడిసియుండిన పెట్రోలు ఎక్కువగా వచ్చుచున్నది, లేదా నిప్పురవ్వ పడుటలేదు. తెల్లబారియుండిన పెట్రోలు చాలక యంత్రము అతిగా వేడెక్కుచున్నది. ఒక ప్లగ్గు మాత్రము కడిగినట్లు శుభ్రముగా నుండినచో, తలమీది గాస్కెటు చెడి నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. ప్లగ్గు రంధ్రముల మీద బొటనవ్రేలు పెట్టి, మోటారును చేతితో త్రిప్పినచో రెండింట ఒకే బలముతో గాలి తన్నవలెను. గేజితో కొలిచినయెడల భేదము పదింట ఒక వంతు మించరాదు. మించినచో పిస్టను రింగులో, గాస్కెటో చెడినది. కార్బురేటరు మరలు ఎంత త్రిప్పినను ఫలము లేదు.

ఇక పెట్రోలు సంగతి. ఇది మన చెరకు సీమతో ముడిపడిన విషయము. 1931లో నిజాంసాగర్ పూర్తియగుటతో ఈ ప్రాంతమున చెరకు విస్తరించెను. 1937లో బోధన్‌లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడువరకు ఆ చెరకును ఆడినది. చక్కెర తీయగా మిగులు మడ్డినుండి ఆల్కహాలు తీసి పెట్రోలులో కలుపుటకు దేశమున 1948లోనే చట్టము చేసిరి. నేడు మొక్కజొన్న, నూకలనుండి కూడ ఆ ఇథనాలు తయారగుచున్నది. 2025 నాటికి బంకులలో పోయు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు అది కలిసినది. రైతునకు ఇది లాభదాయకమే. మేము దానిని తప్పు పట్టుటలేదు. కాని పాత పడవ మోటారు దీనికొరకు చేసినది కాదు.

ఇథనాలు నీటిని పీల్చుకొనును. నది ఒడ్డున సగము నిండిన ట్యాంకులో నెలల తరబడి నిలువయున్న పెట్రోలున నీరు చేరి, ఒక హద్దు దాటగానే, నీరును ఇథనాలును కలిసి విడిపోయి అడుగునకు దిగును. మీరు కలిపిన ఆయిలు మాత్రము పైనున్న పెట్రోలులోనే మిగులును. ట్యాంకులోని గొట్టము పీల్చునది అడుగునుండియే గదా! అప్పుడు ఆయిలు లేని ద్రవము యంత్రములోనికి పోయి, ముందు తడబాటు, వెనువెంటనే పిస్టను పట్టివేయుట సంభవించును. కావున ఆరుబయట, నిప్పుకు దూరముగా, ట్యాంకు అడుగునుండి కొంత పెట్రోలును గాజు సీసాలోనికి తీసి కదలక నిలుపుడు. రెండు పొరలు కనబడినచో ఆ పెట్రోలును మోటారులో వాడరాదు.

మంజీర ఒడ్డున మేము చూచిన ఒక మోటారు నల్లని పొగ గ్రక్కుచు, మెల్లగా నడుపునపుడు ఆగిపోవుచుండెను. ఊరివారు రెండు మారులు ప్లగ్గులు మార్చిరి, కార్బురేటరు మరను చెరియొక విధముగా త్రిప్పిరి. నీటి పంపుల ఇంజన్లు బాగుచేయు ఒక వృద్ధుడైన ఫిట్టరు మరలను ముట్టక, కార్బురేటరు గిన్నె విప్పి, లోపల తేలెడు బెండును తీసి చూపెను. పాతకాలపు బెండుమీద లక్క పూత యుండును. లక్క ఆల్కహాలులో కరగును. పూత పోయిన బెండు పెట్రోలు త్రాగి బరువెక్కి మునిగి, పెట్రోలును అడ్డులేక లోనికి విడుచుచుండెను. ఇథనాలునకు ఓర్చు కొత్త ఫ్లోటు వేయగా పొగ తగ్గినది. పాత రబ్బరు గొట్టములు, పంపు పొరలు సయితము ఇట్లే మెత్తబడి చెడును.

పెట్రోలు చాలనందువలని తడబాటును గుర్తించుట ఇంకను తేలిక. తడబడునపుడు చోకును కొంచెము లాగుడు. నడక కుదుటపడినచో జెట్టు రంధ్రము పూడుకొన్నదని గాని, ఎక్కడనో గాలి దూరుచున్నదని గాని తెలియును. గొట్టము నడుమనున్న రబ్బరు ఉండను పిసికినపుడు కుదుటపడినచో పంపునో, గొట్టమునో చూడవలెను. పెట్రోలు సరిగానుండియు రవ్వ బలహీనమైనచో, చక్రము క్రిందనున్న పాయింట్లను శుభ్రపరచి ఎడము సరిచేయుట మేస్త్రీ పని. దానిని సుత్తితో ఊడగొట్టు సాహసము ఎవరును చేయరాదు.

ఆయిలు పాలు మోటారు పుస్తకములో ఉన్నట్లే కలుపవలెను. ఎవిన్రూడ్, జాన్సన్ మోటార్లలో 1964 నుండి 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు వాడుకలోనికి వచ్చెను. అనగా 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. అంతకు మునుపటి వానికి సాధారణముగా 24కు 1, అనగా 5 లీటర్లకు సుమారు 210 మిల్లీలీటర్లు. స్కూటరు ఆయిలు పనికిరాదు. డబ్బామీద టి.సి.-డబ్ల్యు.3 అను గుర్తుగల పడవ మోటారు ఆయిలే కొనవలెను.

ప్రతి సంవత్సరము మృగశిర కార్తె ప్రవేశించులోగా మోటారును పడవకు తగిలించి, మనుషులను ఎక్కించుకొని, నిలకడ నీటిలో అరగంట నడిపి చూడవలెనని పంచాయతీ తీర్మానము చేయుట మంచిది. డ్రమ్ములో చక్కగా నడచిన మోటారు బరువు పడగానే చతికిలబడవచ్చును. ఎవరు నడిపిరి, ఏ తేదీన, ఏ భాగము మార్చిరి అను వివరములు ఒక పుస్తకములో వ్రాయింపుడు. రెండు కొత్త ప్లగ్గులు, ఒక గొట్టము, మోటారును లేపు త్రాడు ఒక డబ్బాలో పెట్టి పడవతోనే ఉంచుడు. పని ముగిసిన ప్రతిసారి గొట్టమును ఊడదీసి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోవువరకు మోటారును నీటిలోనే నడిపి ఆపవలెను. ట్యాంకులో మిగిలిన దానిని ఊరిలో ఎవరి పాత స్కూటరుకైనను వారమునకు లోపుగా ఇచ్చివేయుడు.