నాగజెముడు చెప్పు పాఠము



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో చేలగట్లపై నాగజెముడు మట్టలకు దూదివంటి తెల్లని మచ్చలు కనబడినచో పిల్లలకు చూపుడని మేము కోరుచున్నాము. ముండ్లు తగులకుండ పుల్లతో ఒక మచ్చను తీసి కాగితముపై నలిపినచో ఎఱ్ఱరంగు వచ్చును. అది కొచినీలు పురుగు, లక్కపురుగునకు చుట్టము. తొలకరిలో కనబడు ఆరుద్ర పురుగు పైకి ఎఱుపు. ఇది పైకి తెలుపు, లోపల ఎఱుపు.

ఆ రంగునీటికి నిమ్మరసము చేర్చిన నారింజవన్నె, సున్నపుతేట చేర్చిన ఊదావన్నె కలుగును. వానితో పిల్లలచే బొమ్మలు వేయింపవచ్చును. పటికనీట నానిన ఉన్ని ఈ రంగును బాగుగ పట్టును. నూలు అంతగా పట్టదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో ఈ భేదము పిల్లలకు తెలియవలదా?

1795లో మెక్సికో దేశపు మేలురకమని భ్రమించి బ్రెజిల్ నుండి వేరొక జాతి పురుగును కలకత్తాకు తెచ్చిరి. రంగు నాసిగా వచ్చెను, జెముడు నశించెను. 1926లో శ్రీలంక నుండి మరియొక జాతిని, ముండ్లపొదలను రూపుమాపుటకే తెప్పించిరి. దక్షిణదేశమున ఎన్నో పొలములు బాగుపడెను. చూచుటలో పొరపాటు మొదటి కథ. ఎఱిగి చేసిన పని రెండవది. మన పిల్లలకు నిదానించి చూచు అలవాటు కలుగుగాక!