రెండోసారి వచ్చే దాత

సారంగపాణి పదాలు పుట్టిన ఈ కార్వేటినగరానికి ఇచ్చే గుణం గురించి ఒకరు వచ్చి చెప్పనక్కర్లేదు. అన్నదానానికి బియ్యం మూటలు అడగకుండానే వస్తాయి. తిరుమలలో తలనీలాలు ఇవ్వడానికి ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. అలాంటి మనుషులే 350 మిల్లీలీటర్ల రక్తం దగ్గర వెనకాడతారెందుకు? జాలి లేకనో, అవగాహన లేకనో అని సాధారణంగా అంటాం. ఆ మాట నేను ఒప్పుకోను. జాలి చాలామందికి ఉంది, కానీ జాలిపడిన ప్రతివాడూ లేచి రక్తనిధికి వెళ్లడు. మొదటిసారి ఎవరైనా రక్తం ఇచ్చారంటే, చాలావరకు తెలిసినవాళ్లు ఎవరో పేరు పెట్టి అడిగారు కాబట్టే ఇచ్చారు. ఆ మనిషి సొంతంగా తీసుకునే నిర్ణయం రెండోసారి మొదలవుతుంది. మన శ్రమంతా మొదటిసారి మీద పెట్టి రెండోసారిని గాలికి వదిలేస్తున్నామన్నది ఈవేళ నేను చెప్పదలచిన మాట.

అమెరికాలో దాతల మనస్తత్వాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన పిలియావిన్, కాలెరో 1991లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ల లెక్కన, మొదట్లో మనిషిని కదిలించేది బయటి ఒత్తిడే: స్నేహితుడు రమ్మన్నాడు, ఆఫీసులో శిబిరం పెట్టారు. మళ్లీ మళ్లీ ఇచ్చేకొద్దీ ఆ ఒత్తిడి అవసరం తగ్గి, 'నేను రక్తం ఇచ్చే మనిషిని' అన్న భావం లోపల నిలబడుతుంది. ఇక అక్కణ్నుంచి ఇవ్వకపోతేనే వెలితి. మన ఆసుపత్రుల్లో బంధువులు ఇచ్చే రక్తాన్ని ఈ వెలుగులో చూడాలి. ఆపరేషన్ ఉందని తమ్ముడో బావమరిదో పరుగున వచ్చి ఇస్తాడు. అది ప్రేమ, సందేహం లేదు. కానీ ఆ రోజు అతను తీర్చుకున్నది ఇంటి బాధ్యత. రోగి ఇంటికి చేరగానే ఆ బాధ్యతా తీరిపోతుంది, రక్తనిధి అతనికి మళ్లీ గుర్తు రాదు. అప్పుడు అతన్ని మళ్లీ పిలిచేవాళ్లు ఉంటే కథ వేరు.

డబ్బిస్తే వస్తారు కదా అని కొందరంటారు. మన దేశం ఆ దారి నడిచి చూసింది. సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చి, రక్తం అమ్ముకునే పద్ధతికి రెండేళ్లలో స్వస్తి పలకమంది. అమ్ముకునేవాడికి తన జబ్బు దాచుకునే కారణం ఉంటుందని, డబ్బు చేరితే ఇచ్చే మనసు కూడా తరుగుతుందని సామాజిక పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ 1970లోనే వాదించాడు. 2008లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధన ఈ రెండో మాటను పరీక్షించింది. ఊరికే అడిగితే దాతలుగా చేరతామన్న ఆడవాళ్లు సగానికి పైగా ఉన్నారు. 50 క్రోనార్లు ఇస్తామంటే 30 శాతానికి పడిపోయారు. ఆ డబ్బును ధర్మానికి ఇచ్చేయవచ్చు అనగానే తిరిగి పాత సంఖ్యకు వచ్చారు. మగవాళ్లలో అంత తేడా కనిపించలేదు, కనుక ఇది అందరికీ వర్తించే సూత్రం అనలేం. పైగా చిన్న చిన్న కానుకలు పెడితే దాతలు పెరిగారని, రక్తం భద్రతకు హాని జరగలేదని 2013లో 'సైన్స్' పత్రికలో కొందరు ఆర్థికవేత్తలు గట్టిగానే రాశారు. ఆ సాక్ష్యాన్ని నేను కాదనను. అయితే కానుక మనిషిని శిబిరం దాకా తేగలదు. తాను దాతనన్న భావం అతనిలో కలిగించడం కానుక పని కాదు.

ఇక హీరోల పుట్టినరోజు శిబిరాలు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలయ్యాక అభిమానం రక్తదానంగా మారడం తెలుగువాళ్లకు మామూలైంది. అదంతా ఆర్భాటమని ఈసడించేవాళ్లున్నారు. ఫొటో కోసం వచ్చిన కుర్రవాడి రక్తం కూడా ప్రాణం నిలుపుతుంది. పదిమందిలో వేసిన ఆ మొదటి అడుగే అతని భయాన్ని పోగొడుతుంది. ఆ ఆక్షేపణలో బలం ఉన్నదల్లా తేదీల విషయంలోనే. ప్లేట్‌లెట్లు నిలవ ఉండేది 5 రోజులు. ఎర్రకణాలు మామూలు సంచిలో 35 రోజులు, ప్రత్యేక ద్రావణంలో 42. ఒక్క రోజు వెల్లువగా వచ్చిన రక్తం నెలన్నర తర్వాత తిరుపతిలో కాన్పు కష్టమైన తల్లికి అందదు. ఆ కుర్రవాణ్ని మూడు నెలలకు మళ్లీ పిలవగల సంఘం ఉంటే అభిమానం అలవాటవుతుంది.

భయం మాటేమిటి? రక్తం ఇస్తే నీరసపడి కూలికి పోలేమన్న దిగులు కొట్టిపారేయదగింది కాదు. ఒళ్లొంచి పనిచేసేవాడికి ఒక రోజు కూలి చిన్న విషయమా? ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి నిండుతాయని, ఆ రోజు మాత్రం బరువులు ఎత్తవద్దని నిజం నిజంగా చెప్పాలి. "నా ఒంట్లోనే రగతం లేదు, ఇంగ ఇచ్చేదేంది" అనే ఆడమనిషి మాట ఇంకా బరువైంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే శిబిరంలో తీసుకోరు, తీసుకోకూడదు కూడా. కానీ ధైర్యం చేసి వచ్చిన మనిషిని 'పనికిరావు' అన్నట్టు పంపేస్తే ఆమె మళ్లీ రాదు. ఇతర దేశాల్లో కూడా మొదటిసారే వెనక్కి పంపినవాళ్లలో తిరిగి వచ్చేవాళ్లు తక్కువని తేలింది. ఆమె హిమోగ్లోబిన్ అంకె రాసి చేతికిచ్చి, ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఇప్పించి, ఫలానా నెలలో మళ్లీ చూద్దాం రమ్మనాలి.

దాతను రెండోసారి రప్పించే ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడిచాక మళ్లీ ఇవ్వవచ్చు; ఆ తేదీని సర్టిఫికెట్ మీదే రాయవచ్చు. స్వీడన్‌లో దాత రక్తం రోగికి ఎక్కించిన రోజున అతని ఫోనుకు కబురు పంపుతారు. అన్నం పెట్టినవాడికి తిన్నవాడి ముఖం కనిపిస్తుంది, రక్తం ఇచ్చినవాడికి ఆ భాగ్యం లేదు. ఆ లోటును కొంతైనా పూడ్చేది ఇలాంటి కబురే. కార్వేటినగరంలో శిబిరం పెట్టే యువకులు దాతల పేర్ల పక్కన తర్వాతి తేదీని, వాళ్లకు ఫోను చేయాల్సిన మనిషి పేరును రాసుకోవడం ఈ ఏడాదే మొదలుపెట్టమని కోరుతున్నాను.